ఇల్లు లేనన్నాళ్ల లెక్క

ఏళ్ల తరబడి వీధిలోనో షెల్టర్లలోనో గడిపిన మనిషికి వైద్యం, సలహా, సాయం దగ్గరే ఉండేలా చూసి అద్దెకిచ్చే చిన్న ఇంటిని అమెరికాలో ‘సపోర్టివ్ టైనీ హోమ్’ అంటారు. ఆ ఇల్లు సాధారణంగా 100 నుంచి 400 చదరపు అడుగుల లోపే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్లలో అతి చిన్నది 300 చదరపు అడుగులు. అమెరికాలోని ఈ ఇళ్లు చాలావరకు దానికన్నా చిన్నవి. ఒక మంచం, ఒక కిటికీ, లోపలి నుంచి గడియ పడే తలుపు, ముందు రెండు కుర్చీలు పట్టే వసారా. ఈ ఇంటికి దరఖాస్తు పెట్టేవాళ్లు ముందుగా ఒక లెక్క అప్పజెప్పాలి. ఇల్లు లేక ఎన్నాళ్లయింది, ఆ రాత్రులు ఎక్కడ గడిచాయి, అక్కడ వాళ్లను చూసినవాళ్లెవరు అన్న ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉండాలి.

2024 జనవరిలో ఒక రాత్రి జరిపిన గణనలో అమెరికా అంతటా 7,71,480 మంది ఇల్లు లేనివాళ్లుగా తేలారు. వాళ్లలో కుటుంబం లేకుండా ఒంటరిగా ఉన్నవారిని వేరుచేసి చూస్తే ప్రతి ముగ్గురిలో ఒకరు, అంటే లక్షన్నరకు పైగా మనుషులు, ‘దీర్ఘకాలిక నిరాశ్రయుల’ కిందికి వచ్చారు. ఉద్యోగం పోయి, అద్దె కట్టలేక నాలుగు వారాలు కారులో పడుకుని మళ్లీ నిలదొక్కుకునేవాళ్ల కథ వేరు. దీర్ఘకాలిక నిరాశ్రయులకు మానని జబ్బో, మనసుకు తగిలిన దెబ్బో, మత్తు అలవాటో ఇల్లు లేకపోవడంతో పెనవేసుకుపోయి ఉంటుంది. ఏది ముందు వచ్చింది, ఏది దాని వెనక వచ్చింది అన్నది చాలామంది విషయంలో విడదీసి చెప్పలేం. నెలకు వెయ్యి డాలర్లు దాటే మామూలు అద్దె ఇల్లు వీళ్లకు అందదు. అందినా, పలకరించే మనిషి లేని అపార్ట్‌మెంట్ గదిలో నిలవడం కష్టం. చిన్న ఇళ్ల గ్రామాలు ఈ రెండు ఇబ్బందుల్నీ దృష్టిలో పెట్టుకుని పుట్టాయి.

గుడారం నుంచి గ్రామం

మొదట్లో ఈ గ్రామాలను కట్టింది ప్రభుత్వాలు కావు, ఇల్లు లేనివాళ్లే. ఓరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో 2000 చివర గుడారాలు వేసుకున్న ఒక బృందం మరుసటి ఏడాది విమానాశ్రయం దగ్గర నగరపాలక సంస్థ స్థలంలోకి మారింది. అదే డిగ్నిటీ విలేజ్. వాషింగ్టన్ రాష్ట్ర రాజధాని ఒలింపియాలో 2007 ఫిబ్రవరిలో నిరసనగా వేసిన గుడారాలు చర్చి నుంచి చర్చికి మారుతూ ఏళ్లు గడిపాయి. చివరికి 2013 డిసెంబరులో ఒక్కొక్కటి 144 చదరపు అడుగులున్న 30 కుటీరాల క్విక్సోట్ విలేజ్‌గా స్థిరపడ్డాయి. సియాటిల్‌లో 8 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవుతో చెక్క ఇళ్లు లేచాయి. స్వచ్ఛంద కార్యకర్తలు, వడ్రంగం నేర్చుకుంటున్న విద్యార్థులు వాటిని కట్టారు. ఆ కొలత ఊరికే వచ్చింది కాదు. 120 చదరపు అడుగులు దాటని కట్టడానికి మామూలు ఇంటికి వర్తించే నిర్మాణ నియమాలు వర్తించవు. లాస్ ఏంజెలెస్‌లో 2021లో నార్త్ హాలీవుడ్ ప్రాంతంలో తెరిచినవి ఇంకా చిన్నవి. అవి 8 అడుగుల చదరపు గదులు, ఫ్యాక్టరీలో తయారైన పలకలను కొద్ది గంటల్లో బిగించి నిలబెట్టేస్తారు.

దరఖాస్తుదారుకు ఇక్కడే ఒక తేడా తెలిసి ఉండాలి. సియాటిల్, లాస్ ఏంజెలెస్ గదులు మధ్యంతర బస. అక్కడ కొన్నాళ్లుండి, శాశ్వత ఇల్లు దొరికాక వెళ్లిపోవాలి. ఒలింపియా గ్రామం, ఇక ముందు చెప్పబోయే ఆస్టిన్ గ్రామం శాశ్వత నివాసాలు. అద్దె కడుతూ, నియమాలు పాటిస్తూ ఉన్నంతకాలం వెళ్లమనేవారు ఉండరు. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకేలా కనిపించే బుల్లి ఇళ్లే. చట్టం దృష్టిలో మాత్రం వేరువేరు. మధ్యంతర గ్రామాన్ని ‘అత్యవసర షెల్టర్’గా నమోదు చేసి ఉంటే అక్కడ ఉన్న మనిషి ఇంకా ఇల్లు లేనివాడి కిందే లెక్క. అదే గ్రామం ‘ట్రాన్సిషనల్ హౌసింగ్’గా నమోదైతే, అందులో చేరిన మనిషి దీర్ఘకాలిక నిరాశ్రయుడన్న హోదా పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఆ హోదా పోతే శాశ్వత ఇంటి వరుసలో వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. చలికి తట్టుకోలేక దొరికిన గదిలోకి పరిగెత్తే మనిషి ఈ తేడా అడిగి తెలుసుకోగలడా? అడగాల్సిన బాధ్యత అతని పక్కనుండి దరఖాస్తు, సాయం సంగతులు చూసే ఉద్యోగిది, అంటే కేస్ మేనేజర్‌ది.

శాశ్వత గ్రామాల్లో అన్నిటికన్నా పెద్దది టెక్సస్ రాజధాని ఆస్టిన్ తూర్పు శివారున, హాగ్ ఐ రోడ్డు మీద ఉన్న కమ్యూనిటీ ఫస్ట్ విలేజ్. రౌండ్ రాక్, సీడార్ పార్క్, లియాండర్ వంటి ఉత్తర శివార్లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న మహానగరమే అది. 1998లో అలన్ గ్రాహమ్, ఆయన మిత్రులు వీధుల్లో భోజనం పంచడానికి మొదలుపెట్టిన మొబైల్ లోవ్స్ అండ్ ఫిషెస్ అనే సంస్థ ఈ గ్రామాన్ని నడుపుతోంది. నగరం లోపల స్థలం చూసినప్పుడు చుట్టుపక్కలవాళ్లు ఒప్పుకోలేదు. దాంతో నగర సరిహద్దు దాటి 27 ఎకరాలు తీసుకున్నారు. టెక్సస్‌లో ఏ స్థలంలో ఏం కట్టాలో నిర్ణయించే జోనింగ్ అధికారం కౌంటీలకు సాధారణంగా లేదు కాబట్టి అక్కడ అడ్డు రాలేదు. 2015 చివర మొదటి నివాసులు వచ్చారు. తర్వాత గ్రామం 51 ఎకరాలకు, 500కు పైగా ఇళ్లకు పెరిగింది. మరో రెండు దశలు పూర్తయితే మొత్తం 1,900 ఇళ్ల వరకు చేరాలన్నది సంకల్పం.

పన్నెండు నెలలు ఎలా లెక్కిస్తారు

దీర్ఘకాలిక నిరాశ్రయత అంటే ఏమిటో అమెరికా గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ 2015 డిసెంబరులో కచ్చితంగా నిర్వచించింది. ఈ శాఖను అందరూ ‘హడ్’ అంటారు. ఆ నిర్వచనం ప్రకారం మనిషికి ఏదైనా వైకల్యం ఉండాలి. శారీరకమైనా, మానసికమైనా, మత్తు వ్యసనమైనా అందులోకి వస్తుంది. దానితోపాటు అతను మనుషులు నివసించడానికి తగని చోట గాని, షెల్టర్‌లో గాని వరుసగా పన్నెండు నెలలైనా గడిపి ఉండాలి. అలా కాకపోతే గత మూడేళ్లలో కనీసం నాలుగు విడతలుగా ఇల్లు లేకుండా ఉండి, ఆ విడతలన్నీ కలిపి పన్నెండు నెలలు కావాలి.

విడత అంటే? మధ్యలో కనీసం ఏడు రాత్రులు వరుసగా నీడలో గడిస్తే ఒక విడత ముగిసినట్టు. చెల్లెలింట్లో ఆరు రాత్రులు ఉండి మళ్లీ వంతెన కిందికి వస్తే విడత తెగలేదు. ఎనిమిది రాత్రులుంటే తెగింది. ఆసుపత్రిలోనో జైల్లోనో తొంభై రోజుల లోపు ఉంటే, అంతకుముందు వీధిలో ఉన్న మనిషికి ఆ రోజులు కూడా ఇల్లు లేని రోజుల్లోనే కలుస్తాయి. తొంభై రోజులు నిండితే కలవవు. చిన్న నేరానికి మూడు నెలలకు పైగా జైల్లో ఉండి బయటికొచ్చిన మనిషి, లోపలికి వెళ్లేటప్పుడు అర్హుడై ఉండి, వచ్చేటప్పటికి అనర్హుడు కావచ్చు. అతని పరిస్థితిలో మెరుగుపడింది ఏమీ ఉండదు. సొంత డబ్బుతో చవక హోటల్లో పడుకున్న రాత్రి లెక్కలోకి రాదు. అదే హోటల్ గదికి ప్రభుత్వమో ధర్మ సంస్థో డబ్బు కడితే ఆ రాత్రి షెల్టర్ కింద లెక్కకొస్తుంది. చుట్టాల సోఫా మీద గడిపిన కాలం ఈ నిర్వచనానికి పట్టదు. భద్రత కోసం ఎవరో ఒకరి పంచన తలదాచుకునే ఆడవాళ్లు ఎందరో ఈ లెక్కలో కనపడకుండా పోవడానికి ఇది ఒక కారణం.

చూసినవాళ్ల సాక్ష్యం

ఈ పన్నెండు నెలల్ని రుజువు చేయడమే దరఖాస్తులో అసలు కష్టం. హడ్ నియమాల్లో సాక్ష్యాలకు ఒక వరుస ఉంది. ముందు మూడో వ్యక్తి ఇచ్చిన రాతపూర్వక ఆధారం చూస్తారు. అది లేకపోతే దరఖాస్తు తీసుకునే సిబ్బంది స్వయంగా గమనించి రాసుకున్నది. అదీ లేకపోతే చివరగా ఆ మనిషి సొంత వాంగ్మూలం. సొంత మాటతో పన్నెండు నెలలూ గట్టెక్కవు. మామూలుగా మూడు నెలల వరకే దానికి చెల్లుబాటు. మిగతా తొమ్మిది నెలలకు బయటి సాక్ష్యం కావాలి.

షెల్టర్‌లో పడుకున్నవాళ్లకు ఇది కాస్త తేలిక. ఏ రాత్రి ఏ మంచం మీద ఎవరున్నారన్నది నగరమంతటా సంస్థలు కలిసి వాడుకునే కంప్యూటర్ రికార్డులో ఉంటుంది. షెల్టర్ గుమ్మం తొక్కని మనిషి సంగతి వేరు. పొదల మాటున, కాలువ గట్టున, పార్కింగ్ స్థలం చివర గడిపినవాడి నెలలకు ఎవరు సాక్షి? ఇక్కడ నియమంలో ఒక మేలు ఉంది. ఒక నెలలో ఒక్కరోజు, ఒక్కసారి, ఏదైనా సేవా సంస్థ మనిషి అతన్ని ఆ స్థితిలో చూసి రాసుకుని ఉంటే ఆ నెల మొత్తం లెక్కకొస్తుంది. దుప్పట్లు, నీళ్ల సీసాలు పంచుతూ తిరిగే ఔట్‌రీచ్ వర్కర్ తన ఫోన్లో నమోదు చేసుకున్న ఒక్క వాక్యం ఒక నెలకు సమానం. ఫలానా తేదీన, ఫలానా వంతెన కింద, ఫలానా మనిషి, గుడారంలో. ఇంతే.

అలాంటి ఒక ఫైలు తెరిచి చూస్తే దాని తీరు అర్థమవుతుంది. జనవరికి షెల్టర్ రికార్డు ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలలకు ఔట్‌రీచ్ బృందం లెటర్‌హెడ్ మీద ఇచ్చిన ఉత్తరం. ఏప్రిల్‌కు ఏమీ ఉండదు. మే నెలకు ఒక పాస్టర్ రాసిన నాలుగు వరుసలు, ఆదివారం ఉదయం చర్చి మెట్ల మీద ఆ మనిషి పక్క చుట్టుకోవడం చూశానని. జూన్‌లో ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, అందులో చిరునామా గడి దగ్గర ‘ఇల్లు లేదు’ అన్న మాట. జులైకి కాఫీ దుకాణం యజమాని సంతకం. కేస్ మేనేజర్ ఆ ఖాళీ ఏప్రిల్ కోసం తిరుగుతాడు. ఆ నెల ఎక్కడున్నావని అడుగుతాడు. ఆ మనిషికి తేదీలు గుర్తుండవు. గుర్తున్నవి వేరే ఉంటాయి. బాగా వాన పడ్డ రాత్రి, బూట్లు పోయిన రోజు, పక్క గుడారంలో మనిషి చచ్చిపోయిన వారం. వాటిని పట్టుకుని కేస్ మేనేజర్ క్యాలెండర్ మీద తేదీలు వెతుకుతాడు. గుడారాలు తొలగించిన తేదీలు నగరం దగ్గర ఉంటాయి, అంబులెన్స్ వచ్చిన తేదీ ఆసుపత్రి దగ్గర ఉంటుంది. అలా ఒక నెల దొరుకుతుంది.

ఎవరి కంటా పడకుండా బతకడమే వీధిలో భద్రత. చాలామంది దాన్నే అలవాటు చేసుకుంటారు. టెక్సస్‌లో బహిరంగ స్థలాల్లో గుడారాలను నిషేధించే రాష్ట్ర చట్టం 2021 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. బయట పడుకున్నందుకు జరిమానా వేయడం రాజ్యాంగ విరుద్ధం కాదని అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్‌లో ఓరెగన్‌లోని గ్రాంట్స్ పాస్ పట్టణం కేసులో తీర్పు చెప్పింది. అప్పటి నుంచి ఇల్లు లేనివాళ్లు ఇంకా లోపలికి, ఇంకా దూరానికి జరుగుతున్నారు. ఔట్‌రీచ్ వర్కర్‌కు కనపడని నెల రుజువు లేని నెల అవుతుంది. తరిమివేత ఒక చేత్తో మనిషిని దాచిపెడుతుంటే, ఇంకో చేత్తో దరఖాస్తు ఫారం అతను కనపడలేదని తిప్పి పంపుతోంది. ఈ రెండు విధానాలూ ఒకే ప్రభుత్వ వ్యవస్థ కింద నడుస్తున్నాయన్నది తీవ్రంగా ఆలోచించాల్సిన విషయం.

వైకల్యానికి రుజువు కూడా ఇలాంటిదే. లైసెన్సున్న డాక్టరో, మానసిక వైద్య నిపుణుడో రాసిచ్చిన ధ్రువీకరణ గాని, వైకల్య భృతి వస్తున్నట్టు సోషల్ సెక్యూరిటీ శాఖ ఇచ్చిన ఉత్తరం గాని ఉంటే సరిపోతుంది. రెండూ లేకపోతే సిబ్బంది తాము గమనించింది రాసుకుని దరఖాస్తు తీసుకోవచ్చు, కానీ 45 రోజుల్లోగా వైద్య ధ్రువీకరణ తేవాలి. ఏళ్లుగా డాక్టరు ముఖం చూడని మనిషికి ఆ గడువులో అపాయింట్‌మెంట్ దొరకడమే ఒక పోరాటం.

గుర్తింపు కాగితాలు

జనన ధ్రువపత్రం, సోషల్ సెక్యూరిటీ కార్డు, ఫొటో గుర్తింపు కార్డు. ఈ మూడూ లేకుండా శాశ్వత ఇంటి దరఖాస్తు సాధారణంగా చివరిదాకా వెళ్లదు. ఫొటో కార్డు కావాలంటే జనన ధ్రువపత్రం చూపించాలి. జనన ధ్రువపత్రం తెప్పించుకోవాలంటే ఫొటో కార్డు అడుగుతారు. రెండూ ఒకే సంచిలో పోయినవాడు ఈ రెంటి మధ్య నలుగుతాడు. ఆదాయ ధ్రువీకరణ పత్రం కోసం మీసేవ చుట్టూ తిరిగిన మన ఊళ్ల పేదలకు ఈ తిరుగుడు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. గుడారాలు తొలగించే సిబ్బంది వచ్చిన పూట దుప్పట్లతోపాటు కాగితాల కవరు కూడా చెత్త లారీలోకి పోవడం అమెరికా నగరాల్లో మామూలుగా జరిగే నష్టం. అందుకే అనుభవమున్న కేస్ మేనేజర్లు అసలు కాగితాల్ని తమ ఆఫీసులో భద్రపరిచి, స్కాన్ చేసి పెడతారు. ఉత్తరాలు రావడానికి షెల్టర్ చిరునామానో, పోస్టాఫీసులో ‘జనరల్ డెలివరీ’ సదుపాయాన్నో వాడతారు. ఫోన్ కోసం లైఫ్‌లైన్ అనే ఫెడరల్ పథకం ఉంది. అయితే వీధిలో ఫోన్లు నిలవవు. ఛార్జింగ్ పెట్టిన చోటే పోతాయి.

వరుసలో చోటు

ఇక వరుస. ముందు వచ్చినవారికి ముందు అన్న పద్ధతి ఇక్కడ లేదు. ఫెడరల్ నిధులు పొందే ప్రతి ప్రాంతం ‘కోఆర్డినేటెడ్ ఎంట్రీ’ అనే ఉమ్మడి ప్రవేశ వ్యవస్థను 2018 జనవరి నాటికి నెలకొల్పాలని హడ్ ఆదేశించింది. ఒక్కో సంస్థ గడప ఎక్కి ఒక్కో దరఖాస్తు పెట్టుకునే బదులు, ఒక్కసారి కూర్చుని ఒక ఇంటర్వ్యూ ఇస్తే పేరు అందరి జాబితాలోకీ వెళ్తుంది. ఆస్టిన్‌లో ఈ వ్యవస్థను ఎకో అనే సంస్థ చూస్తుంది. జాబితాలో ఎవరి పేరు పైకి రావాలన్నది ప్రాణాపాయం ఎవరికి ఎక్కువన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఆ అపాయాన్ని కొలవడానికి చాలా నగరాలు కొన్నేళ్లపాటు వీఐ-స్పిడాట్ అనే ప్రశ్నావళి వాడాయి. గత ఆరు నెలల్లో ఎన్నిసార్లు ఎమర్జెన్సీకి వెళ్లావు, ఎవరైనా కొట్టారా, డబ్బు కోసం చేయకూడని పని చేశావా, మందులు మింగడం మానేశావా వంటి ప్రశ్నలు అందులో ఉంటాయి. ఒంటరి వ్యక్తికి 8 లేదా అంతకన్నా ఎక్కువ మార్కులు వస్తే అండతో కూడిన శాశ్వత ఇంటికి సిఫార్సు. అప్పుడే పరిచయమైన మనిషి ముందు, ఒక ఫోల్డింగ్ కుర్చీలో కూర్చుని, జీవితంలో అన్నిటికన్నా అవమానకరమైన సంగతులు అవును, కాదు అని చెప్పాలి. గుట్టుగా బతికిన మనిషి అన్నిటికీ ‘లేదు’ అంటాడు. మార్కులు తక్కువొస్తాయి, పేరు కిందికి పోతుంది. బాధ దాచుకోవడం అలవాటైనవాళ్లకు ఈ ప్రశ్నావళి అన్యాయం చేసింది. నల్లజాతివారికి మార్కులు తక్కువ పడుతున్నాయని పరిశోధనల్లో తేలింది. దాన్ని తయారుచేసిన సంస్థే 2020 చివర ఇక దాన్ని ముందుకు తీసుకెళ్లబోమని ప్రకటించింది. ఆ తర్వాత చాలా ప్రాంతాలు సొంత పద్ధతులు తయారుచేసుకున్నాయి. అయినా ప్రశ్నలడిగి క్రమం నిర్ణయించడమన్నది పోలేదు. అందుకే మంచి కేస్ మేనేజర్లు తొలి పరిచయంలోనే ప్రశ్నావళి బయటికి తీయరు. నాలుగైదు సార్లు కలిసి, కాఫీ తాగి, పేరు పెట్టి పిలిచే చనువు వచ్చాక కూర్చుంటారు.

గ్రామం అడిగేవి

జాబితా మీద పేరు పైకి వచ్చాక గ్రామానికి వేరే దరఖాస్తు ఉంటుంది. కమ్యూనిటీ ఫస్ట్ విలేజ్‌లో చేరాలంటే ఆస్టిన్ ఉన్న ట్రావిస్ కౌంటీలో కనీసం ఏడాదిగా ఉంటూ దీర్ఘకాలిక నిరాశ్రయులై ఉండాలి. నేర చరిత్ర పరిశీలిస్తారు. పాత కేసు ఉన్నంత మాత్రాన తలుపు మూసుకోదు, కానీ కొన్ని నేరాలకు మినహాయింపు ఉండదు. ప్రభుత్వ గృహాలు, అద్దె సాయంగా ప్రభుత్వం ఇచ్చే వోచర్ల విషయంలో ఫెడరల్ చట్టమే కొన్ని గీతలు గీసింది. లైంగిక నేరస్థుల జాబితాలో జీవితాంతం నమోదైనవారికి అవి దక్కవు. తిరస్కరించినప్పుడు కారణం రాసివ్వమని అడగవచ్చు, వోచర్ విషయంలో పునఃపరిశీలన కోరే హక్కు ఉంది. తిరస్కరణకు మూలమైన సంఘటన జబ్బు వల్ల జరిగిందని చూపగలిగితే, ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద సడలింపు అడగవచ్చు. ఈ సంగతి తెలియక ‘కాదన్నారు’ అని వెనుదిరిగేవాళ్లు ఎక్కువ.

గ్రామంలో ఉండటానికి నియమాలు మూడే. అద్దె కట్టాలి, చట్టాన్ని పాటించాలి, గ్రామం పెట్టుకున్న కట్టుబాట్లకు లోబడాలి. తాగుడు మానితేనే రమ్మనే షరతు అందులో లేదు. 1992లో న్యూయార్క్‌లో మనస్తత్వవేత్త శామ్ సెంబరిస్ మొదలుపెట్టిన పాత్‌వేస్ టు హౌసింగ్ నుంచి వ్యాపించిన ‘హౌసింగ్ ఫస్ట్’ ఆలోచన దీని వెనక ఉంది. ముందు ఇల్లు, ఆ తర్వాత ఆ ఇంట్లో కూర్చుని చికిత్స సంగతి చూసుకోవడం. కెనడాలో ఐదు నగరాల్లో 2009 నుంచి 2013 వరకు జరిగిన పెద్ద పరిశోధనలో ఈ పద్ధతిన ఇల్లు పొందినవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువకాలం ఇంట్లో నిలిచినట్టు తేలింది. అయితే 2025 జులైలో అమెరికా అధ్యక్షుడు జారీ చేసిన ఉత్తర్వు హౌసింగ్ ఫస్ట్‌కు ఫెడరల్ మద్దతు ఆపాలని సంస్థలను ఆదేశించింది. చికిత్సకు ఒప్పుకుంటేనే ఇల్లు అనే పాత షరతు మళ్లీ వస్తే, దరఖాస్తుల్లో ఒక కొత్త గడి చేరుతుంది. అన్నిటికన్నా బలహీనంగా ఉన్నవాళ్లు ఆ గడి దగ్గరే ఆగిపోతారు.

అద్దె మాట ఎత్తగానే ఆదాయం కావాలి. కమ్యూనిటీ ఫస్ట్‌లో అద్దె సగటున నెలకు 400 డాలర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఫెడరల్ నిధులతో నడిచే సపోర్టివ్ ఇళ్లలో ఆదాయంలో 30 శాతం చొప్పున లెక్క కడతారు. ఆదాయం లేనివాళ్లకు అది సున్నా కూడా కావచ్చు. దీర్ఘకాలిక నిరాశ్రయుల్లో చాలామందికి దారి చూపేది ఎస్‌ఎస్‌ఐ అనే వైకల్య భృతి. ఒంటరి వ్యక్తికి 2025లో అది నెలకు గరిష్ఠంగా 967 డాలర్లు ఉండేది. ఆ భృతికి మళ్లీ వేరే దరఖాస్తు, వేరే వైద్య రుజువులు. సోర్ అనే పద్ధతిలో శిక్షణ పొందిన సిబ్బంది ఆ ఫైలు తయారుచేసి పెడతారు. భృతి వచ్చేలోపు గ్రామంలోనే పని దొరుకుతుంది. తోటలో కూరగాయలు పెంచడం, కమ్మరం, కళాకృతుల తయారీ, కార్ల సర్వీసింగ్ వంటి పనులకు కూలి ఇస్తారు.

ఎదురుచూపు, తాళం చెవి

పత్రాలన్నీ సిద్ధమైనా ఇల్లు ఖాళీగా ఉండాలి కదా. ఎదురుచూపు నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఈ కాలంలోనే పేర్లు జారిపోతాయి. ఫోన్ నంబరు మారుతుంది, గుడారం చోటు మారుతుంది, మనిషి జైలుకో ఆసుపత్రికో వెళ్తాడు. ఇల్లు సిద్ధమని కబురు చేస్తే పలికేవారుండరు. కొన్ని రోజులు వెతికి దొరక్కపోతే ఆ ఇల్లు తర్వాతి పేరుకు పోతుంది. అందుకే నెలకొక్కసారైనా కేస్ మేనేజర్‌కు కనపడి వెళ్లడం దరఖాస్తుదారు చేయగల అతి ముఖ్యమైన పని. పాత కాగితాలకు కొత్త తేదీలు వేయించుకోవడం కూడా అప్పుడే కుదురుతుంది.

తాళం చెవి అందే రోజు లీజు మీద సంతకం ఉంటుంది. కమ్యూనిటీ ఫస్ట్‌లో చిన్నరకం ఇళ్లు 200 చదరపు అడుగుల లోపే, మన లెక్కలో 22 గజాలు. వాటిలో కరెంటు, ఏసీ, చిన్న ఫ్రిజ్ ఉంటాయి కానీ నీళ్ల గొట్టాలు ఉండవు. స్నానాల గదులు, వంటశాలలు, బట్టలుతికే చోట్లు కొన్ని ఇళ్లకు కలిపి ఉమ్మడిగా కట్టారు. నీళ్ల కోసం, వంట కోసం బయటికి రావాల్సిందే, ఎవరో ఒకరికి ఎదురుపడాల్సిందే. వసారాలు కూడా ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. కుటుంబం తెగిపోవడమే ఇల్లు లేకపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణమన్నది గ్రాహమ్ నమ్మకం. ఆ నమ్మకంతోనే గ్రామాన్ని ఇలా మలిచారు. స్నానానికి నడిచి వెళ్లలేని వృద్ధులకు, చక్రాల కుర్చీలో ఉన్నవారికి ఇది కష్టమే. అలాంటివారు లోపలే నీటి వసతి ఉన్న కాస్త పెద్ద ఇళ్లను దరఖాస్తులో కోరుకోవడం మంచిది. 2020లో ఐకాన్ అనే సంస్థ త్రీడీ ప్రింటర్‌తో పోసిన 400 చదరపు అడుగుల ఇళ్లు ఆరు కూడా ఇక్కడ ఉన్నాయి.

కొత్తగా వచ్చినవాళ్లు తొలి వారాల్లో మంచం మీద నిద్రపట్టక నేల మీద పడుకోవడం, తలుపు తెరిచే ఉంచుకోవడం ఇలాంటి ఇళ్లలో పనిచేసేవాళ్లకు పరిచయమున్న సంగతే. నిశ్శబ్దం కొందరికి భరించరానిది. వీధిలోని స్నేహితులను ఇంట్లో పెట్టుకుని లీజు పోగొట్టుకునేవాళ్లూ ఉంటారు. తాము మాత్రమే బయటపడ్డామన్న అపరాధ భావం వాళ్లను అలా చేయిస్తుంది. కేస్ మేనేజర్ అవసరం ఈ వారాల్లోనే ఎక్కువ. గ్రామంలో క్లినిక్ ఉంది, సిటీ బస్సు వస్తుంది. ఎప్పుడూ వీధిలో ఉండని కుటుంబాలు కొన్ని కావాలని వచ్చి నివాసుల మధ్యే కాపురం ఉంటున్నాయి. ఫెడరల్ నిధులున్న చోట్ల ఆదాయ వివరాలు ఏటా మళ్లీ ఇవ్వాలి. ఆ ఒక్క కాగితం మరిచిపోతే అద్దె లెక్క తారుమారై నోటీసు దాకా రావచ్చు.

లీజుకు చివరి తేదీ లేదు. ఏళ్ల వీధి బతుకు ఒంట్లో మిగిల్చిన జబ్బులతో వచ్చినవాళ్లలో చాలామంది ఇక్కడే కన్నుమూస్తారు. వాళ్ల చితాభస్మం ఉంచడానికి గ్రామంలోనే ఒక స్మారక వనం ఉంది. ఖాళీ అయిన ఇంటిని కడిగి, మంచం మీద కొత్త దుప్పటి పరిచి, జాబితాలో తర్వాతి పేరు కోసం కేస్ మేనేజర్‌కు ఫోన్ చేస్తారు. అతను ఆ మనిషిని వెతకడానికి బయల్దేరతాడు.